కాఫీ ఊళ్లో బడి: గోడ మీద బోర్డు ఒకటే, వెనక డబ్బు నాలుగు రకాలు

అరకు కాఫీ పేరు ఈమధ్య బాగా వినిపిస్తోంది. 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2024 జూన్‌లో ప్రధాని తన రేడియో ప్రసంగంలో మెచ్చుకున్నారు. 2025 మార్చిలో పార్లమెంటు ఆవరణలో స్టాళ్లు పెట్టారు. పేరు పెరిగేకొద్దీ ఆ కొండల మీదికి కంపెనీల రాకపోకలూ పెరుగుతాయి, వాళ్లతో పాటే ‘మేం ఇక్కడ బడికి సాయం చేస్తున్నాం’ అనే మాటా వస్తుంది. ఇది ఒక్క అరకు సంగతి కాదు. గ్వాటెమాల నుంచి ఇథియోపియా దాకా కాఫీ పండే చోటల్లా కంపెనీ పేరు రాసిన బడి ఒకటి కనిపిస్తుంది.

ఆ బోర్డు ఫొటో ఫోన్‌లోకి రాగానే రెండు మాటలు వినిపిస్తాయి. ఎంత మంచి పనో అని ఒకరు. అంతా పన్ను ఎగ్గొట్టే నాటకమని ఇంకొకరు. నా లెక్కలో ఇద్దరూ తొందరపడుతున్నారు. బడికి వచ్చే డబ్బులో రకాలున్నాయి. ఏ రకమో తెలియకుండా మెచ్చుకున్నా తిట్టినా గురి తప్పుతుంది.

ముందుగా ఆ నాలుగు రకాలు

మొదటిది సీఎస్‌ఆర్, అంటే కార్పొరేట్ సామాజిక బాధ్యత. మన దేశంలో ఇది దానం కాదు, చట్టం పెట్టించే ఖర్చు.

రెండోది యజమాని బాధ్యత. పెద్ద కాఫీ ఎస్టేట్‌లో కూలీలను పెట్టుకున్న యజమాని వాళ్ల పిల్లల చదువుకు ఏర్పాటు చేయాలని ప్లాంటేషన్ కార్మిక చట్టం చాలా ఏళ్ల కిందటే చెప్పింది.

మూడోది ప్రీమియం. ఫెయిర్‌ట్రేడ్ లాంటి ముద్ర ఉన్న కాఫీ కొనేవాళ్లు ధర కాకుండా రైతుల సంఘానికి విడిగా ఇచ్చే మొత్తం ఇది. దీంతో బడి కడితే కట్టింది రైతులే.

నాలుగోది ఎవరూ అడక్కుండా కంపెనీ తనంతట తాను ఇచ్చేది. నిజానికి దానం అనే మాట దీనికే సరిపోతుంది. అందులో దానం ఎక్కడ ఆగి ప్రచారం ఎక్కడ మొదలవుతుందో ఇచ్చినవాళ్లకే తెలియాలి. స్టార్‌బక్స్ ఫౌండేషన్ 1997 నుంచి ఉంది. మన దగ్గర కర్ణాటకలోని కొడగు జిల్లా సుంటికొప్పలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ‘స్వస్థ’ అనే బడి ఉంది. టాటా కాఫీ నెలకొల్పిన కూర్గ్ ఫౌండేషన్ దాన్ని నడుపుతోంది. సీఎస్‌ఆర్ చట్టం రావడానికి దాదాపు పదేళ్ల ముందే ఆ బడి మొదలైంది. అది చట్టం కోసం కట్టిన బడి అనడానికి లేదు.

2 శాతం ఎలా లెక్కేస్తారు

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు... ఈ మూడింటిలో ఏ ఒక్కటి తాకినా ఆ కంపెనీ దీని పరిధిలోకి వస్తుంది. గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకు పెట్టాలి.

ఒక కంపెనీకి వరుసగా మూడేళ్లు 40, 50, 60 కోట్ల లాభం వచ్చిందనుకుందాం. సగటు 50 కోట్లు, అందులో 2 శాతం కోటి రూపాయలు. ఈ కోటిలో కంపెనీ తన ఆఫీసు నిర్వహణ ఖర్చు కింద 5 లక్షలు మించి చూపకూడదు. మిగతా 95 లక్షలు పనికే వెళ్లాలి. ‘పన్ను ఎగ్గొట్టే నాటకం’ అనే మాట నిలబడనిది ఇక్కడే. సీఎస్‌ఆర్ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కల్లో వ్యాపార ఖర్చుగా చూపి లాభం తగ్గించుకోవడానికి వీల్లేదు. కొన్ని రకాల విరాళాలకు విడిగా మినహాయింపు అడగవచ్చా లేదా అన్న వివాదం ట్రిబ్యునళ్ల దాకా వెళ్లింది కానీ, మొత్తం కోటీ పన్ను నుంచి జారిపోతుందనుకోవడం తప్పు.

ఏది సీఎస్‌ఆర్ కాదో కూడా నిబంధనల్లోనే రాశారు. కంపెనీ మామూలుగా చేసే వ్యాపారం కాదు. తన ఉద్యోగుల కోసమే చేసింది కాదు. సరుకు అమ్ముకోవడానికి చేసే స్పాన్సర్‌షిప్ కాదు. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనీ కాదు. ఈ నాలుగో మినహాయింపు కాఫీ ఎస్టేట్ల విషయంలో చాలా కీలకం, దాని దగ్గరికి మళ్లీ వద్దాం.

ఇంకో చిక్కు గడియారం. ఖర్చు కాని డబ్బు కొనసాగుతున్న ప్రాజెక్టుదైతే, ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి, మూడేళ్లలో వాడాలి. కొనసాగే ప్రాజెక్టు అంటే మొదలుపెట్టిన ఏడాది కాక ఇంకో మూడేళ్లు మించనిదని నిబంధన. పిల్లకేమో ఒకటో తరగతి నుంచి పదో తరగతికి పదేళ్లు కావాలి. కంపెనీ తలుచుకుంటే అదే బడికి మళ్లీ కొత్త ప్రాజెక్టు పెట్టవచ్చు, చాలా కంపెనీలు పెడతాయి కూడా. కానీ పెట్టి తీరాలని ఎక్కడా లేదు. మూడో తరగతిలో చేరదీసిన పిల్ల ఆరో తరగతికి వచ్చేసరికి కంపెనీ మనసు మంచినీళ్ల పథకం మీదికి మళ్లితే, చట్టం లెక్కలో తప్పేం జరగనట్టే.

కొడగు ఎస్టేట్ వేరు, అరకు తోట వేరు

కాఫీ ఊరు అనగానే అందరికీ ఒకే బొమ్మ కళ్లముందుకొస్తుంది. నిజానికి రెండున్నాయి.

దేశంలో పండే కాఫీలో దాదాపు 70 శాతం కర్ణాటకదే. కొడగు, చిక్కమగళూరు, హాసన్ జిల్లాల్లో చిన్న రైతులతో పాటు వందల ఎకరాల ఎస్టేట్లూ ఉన్నాయి. అక్కడ పండు కోసేది కూలీలు, ఎస్టేట్‌లో వరసగా కట్టిన లైన్ ఇళ్లలో ఉండేది కూలీలు. 1951 నాటి ప్లాంటేషన్ కార్మిక చట్టం కనీసం 5 హెక్టార్లు, 15 మంది కార్మికులు ఉన్న తోటలకు వర్తించేలా చేశారు. కార్మికుల పిల్లల్లో 6 నుంచి 12 ఏళ్ల లోపువాళ్లు 25 మందిని మించితే యజమాని చదువుకు ఏర్పాటు చేసేలా రాష్ట్రం నిబంధనలు పెట్టవచ్చంది. మహిళా కూలీలు 50 మంది ఉన్నచోట పసిపిల్లలకు క్రెష్ ఉండాలంది. తర్వాత ఈ చట్టాన్ని 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో కలిపేశారు.

ఇప్పుడు ఇందాకటి నాలుగో మినహాయింపు గుర్తు చేసుకోండి. ఎస్టేట్ యజమాని తన కూలీల పిల్లల కోసం బడి నడిపితే అది చట్టం అతని మీద పెట్టిన బరువు, సీఎస్‌ఆర్ కిందికి రాదు. అదే బడిలో చుట్టుపక్కల ఊళ్ల పిల్లలందరినీ చేర్చుకుని, అందులో కూలీల పిల్లలూ ఉంటే అప్పుడు లెక్క మారుతుంది. ఊరందరి కోసం చేసిన పనిలో ఉద్యోగుల కుటుంబాలకూ కొంత మేలు జరిగితే తప్పు లేదని కేంద్ర కంపెనీ వ్యవహారాల శాఖ 2021లో వివరణ ఇచ్చింది. భవనం మారదు, పంతుళ్లు మారరు, అడ్మిషన్ రిజిస్టర్‌లో పేర్లను బట్టి డబ్బు పేరు మారిపోతుంది.

అరకు వైపు కథే వేరు. అల్లూరి సీతారామరాజు జిల్లాలో పాడేరు ఏజెన్సీ 11 మండలాలు. కొండవాలు మీద సిల్వర్ ఓక్ నీడన ఎకరం, రెండెకరాల కాఫీ, చెట్టుకు పాకిన మిరియం తీగ. పోడు వ్యవసాయానికి బదులుగా అటవీ శాఖ, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, కాఫీ బోర్డు దశాబ్దాల పాటు పెంచుకొచ్చిన పంట ఇది. ఇక్కడ యజమానీ, కూలీ ఒక్కరే. పండు కోసేది ఇంటివాళ్లే, మహా అయితే బదులు పనికి పక్కింటివాళ్లు. కాబట్టి ప్లాంటేషన్ చట్టం ప్రకారం బడి పెట్టాల్సిన యజమాని ఇక్కడ లేడు. కాఫీ కొనే గిరిజన సహకార సంస్థ (జీసీసీ) గానీ ప్రైవేటు వ్యాపారి గానీ సరుకు కొంటారు, జీతం ఇవ్వరు.

మరి బడి ఎవరి పని? రాజ్యాంగంలోని 21ఎ అధికరణం, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వానిదే. ప్రాథమిక పాఠశాల కిలోమీటరు దూరంలో ఉండాలి, 60 మంది పిల్లల వరకూ ఇద్దరు టీచర్లు ఉండాలి అన్నది ఆ చట్టం గీసిన గీత. కొండ మీద ఇరవై ఇళ్ల గూడేనికి ఆ గీత చేరడమే కష్టం. చేరినా ఒకే మాస్టారు ఐదు తరగతులు చెబుతుంటారు. ఆయన మండల కేంద్రంలో మీటింగ్‌కు వెళ్లిన రోజు బడికి తాళమే. కంపెనీ డబ్బు వచ్చి చేరేది ఈ ఖాళీలోకే.

ప్రీమియం లెక్క: తలా కొంచెం పంచాలా, పోగేయాలా

ఫెయిర్‌ట్రేడ్ కాఫీకి ప్రీమియం పౌండుకు 20 అమెరికన్ సెంట్లు. అందులో కనీసం 5 సెంట్లు దిగుబడి, నాణ్యత పనులకే వాడాలి. మిగతాది దేనికి పెట్టాలో సంఘం సభ్యులు సర్వసభ్య సమావేశంలో ఓటేసి తేల్చుకుంటారు.

ఊహకు ఒక సంఘం తీసుకుందాం. వంద కుటుంబాలు, తలా ఎకరం, ఎకరాకు 100 కిలోల శుద్ధి చేసిన గింజలు. మొత్తం 10,000 కిలోలు, పౌండ్లలో చెప్పాలంటే 22,046. పౌండుకు 20 సెంట్ల చొప్పున దాదాపు 4,409 డాలర్లు. డాలరు 85 రూపాయలనుకుంటే సుమారు 3 లక్షల 75 వేలు. నాణ్యత వాటా తీసేస్తే చేతిలో 2 లక్షల 80 వేలు. నెలకు 15 వేల జీతంతో ఊళ్లోనే చదువుకున్న అమ్మాయిని టీచరుగా పెడితే ఏడాదికి లక్షా 80 వేలు. అంటే ఒక మనిషి జీతం పోను పుస్తకాలకు ఇంకా లక్ష మిగులుతుంది.

ఇప్పుడు ఇంకోలా చూద్దాం. ప్రీమియం లేదు, బడి లేదు, కొనేవాళ్లు కిలోకు 50 రూపాయలు ఎక్కువిచ్చారు. సంఘం మొత్తానికి 5 లక్షలు. ప్రీమియం కన్నా ఎక్కువే. కానీ ఇంటికి వచ్చేది 5 వేలు. అది అప్పుకు పోవచ్చు, సంతలో దుప్పటికి పోవచ్చు, పిల్ల హాస్టల్ పెట్టెకూ పోవచ్చు. ఎవరి ఇష్టం వాళ్లది. కాకపోతే 5 వేలతో ఏ ఒక్క ఇల్లూ టీచరును పెట్టుకోలేదు. దానం వద్దు, ధర ఇవ్వండి అనేవాళ్ల వాదనలో బలం ఉంది. రైతు చేతికి వచ్చిన డబ్బు మీద పెత్తనం రైతుదే. బడి లాంటివి మాత్రం పోగేసిన డబ్బుతోనే నిలబడతాయి అన్న ఎదురు వాదనను ఈ లెక్కే చూపిస్తోంది.

ధర పెరిగిన ఏడాది బడి ఖాళీ అవుతుందా?

ధర బాగుంటే చదువూ బాగుంటుందని మనం తేలిగ్గా అనేసుకుంటాం. బ్రెజిల్ కాఫీ ప్రాంతాల మీద డయానా క్రూగర్ చేసిన అధ్యయనం 2007లో అచ్చయింది. అందులో తేలింది దానికి ఎదురు. కాఫీ విలువ పెరిగిన కాలంలో పేద, మధ్యస్థ ఇళ్ల పిల్లలు ఎక్కువగా పనిలోకి వెళ్లారు, బడికి వెళ్లడం తగ్గింది. పండు చెట్టు మీద ఆగదు. రేటు ఉన్నప్పుడు ఇంట్లో ప్రతి చేతికీ విలువ పెరుగుతుంది. చదువు ఖరీదంటే ఫీజొక్కటే కాదు, పిల్ల ఇంట్లో లేని ఆ పూట కూడా.

కాఫీ ఊరు ఎరిగినవాళ్లకు ఇందులో వింత లేదు. మన ఏజెన్సీలో కోతలు నవంబరు నుంచి జనవరి దాకా సాగుతాయి. పండు పల్పర్‌లో వేసి, తొక్క తీసి, కడిగి, పార్చ్‌మెంట్‌ను, అంటే పొరతో ఉన్న గింజలను, ఇంటి ముందు టార్పాలిన్ మీద పరుస్తారు. గంటకోసారి కాలితో కలియబెట్టాలి. కోడి రాకుండా చూడాలి. సాయంత్రం మంచు దిగకముందే అంచులు మడిచి కప్పేయాలి. తడిస్తే రంగు పోతుంది, రంగు పోతే రేటు పోతుంది. పెద్దవాళ్లు తోటలో ఉంటారు. టార్పాలిన్ దగ్గర కూర్చునేది చంకలో తమ్ముడున్న పదేళ్ల పిల్ల. ఇది పెద్ద బరువు పనేం కాదు, ఎవరూ దీన్ని బాలకార్మిక వ్యవస్థ అనరు. రిజిస్టర్‌లో మాత్రం ఆ పేరు ఎదురుగా వరసగా ఆబ్సెంట్లు పడతాయి.

ధర పడిపోతే ఇంకో బాధ. న్యూయార్క్ మార్కెట్‌లో అరబికా రకం కాఫీ 2001 చివర్లో పౌండు 50 సెంట్ల కిందికి జారింది. 2025 ఫిబ్రవరిలో 4 డాలర్లు దాటింది. ఒకే గింజకు ఇన్ని రెట్ల తేడా! పైగా 2025లోనే అరకు తోటల్లో కాయతొలుచు పురుగు బయటపడింది. ఇలా ఊగే ఆదాయానికి కట్టేసిన చదువు కూడా ఊగుతుంది. కంపెనీ సాయానికి గట్టి సమర్థన ఇదే: ఆ డబ్బు కాఫీ ధరతో పాటు ఊగాల్సిన అవసరం లేదు. కంపెనీ సిమెంటుదో సాఫ్ట్‌వేర్‌దో అయితే ఇంకా మంచిది.

గదులు కట్టినంత తేలిగ్గా టీచరు దొరకదు

ఇందాకటి 95 లక్షల దగ్గరికి వద్దాం. ఘాట్ రోడ్డు మీద ఇసుక, సిమెంటు చేరవేసి రెండు గదులు కట్టడానికి 30 లక్షలవుతుందని అనుకుంటే, మూడు బళ్లకు భవనాలు వస్తాయి. అదే డబ్బుతో నెలకు 15 వేల జీతం మీద 13 మంది టీచర్లను నాలుగేళ్లు పెట్టవచ్చు. కంపెనీలకు మొదటిది ఎందుకు నచ్చుతుందో చెప్పక్కర్లేదు. భవనం ఒక ఏడాదిలో పూర్తవుతుంది, బిల్లు ఉంటుంది, రిబ్బన్ ఉంటుంది. టీచరు జీతానికి ఫొటో ఉండదు.

అయినా భవనాన్ని తీసిపారేయలేం. వానాకాలంలో కురిసే గదిలో ఏ టీచరూ ఏమీ చెప్పలేడు. చిక్కంతా తర్వాత వస్తుంది. సీఎస్‌ఆర్ డబ్బుతో కట్టిన ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. ప్రభుత్వ సంస్థకో, రిజిస్టరైన ట్రస్టుకో, లబ్ధిదారుల సంఘానికో అప్పగించాలి. నియమం మంచిదే. కానీ మరుగుదొడ్లకు నీళ్లెక్కించే మోటారు రెండో ఏడాది కాలిపోయిందనుకోండి. వైండింగ్‌కు నాలుగైదు వేలు. కంపెనీ దృష్టిలో అప్పగింత అయిపోయింది. బడికి వచ్చే గ్రాంటు సుద్దముక్కలకూ కరెంటు బిల్లుకూ సరి. నేను చూసిన ఒక కొండ ఊరి బడిలో టైల్స్ మెరుస్తున్న కొత్త మరుగుదొడ్లకు తాళం వేసి, పిల్లలను వాగు వైపు పంపుతున్నారు. అక్కడ ఎవరినీ తప్పు పట్టాలనిపించలేదు. ఆ నాలుగు వేలు ఎవరి ఖాతాలోనిదో ఎవరికీ తెలియదు, అంతే.

గదులు కట్టకుండా మనుషుల మీద ఖర్చుపెట్టే పద్ధతీ ఉంది. కేసీ మహీంద్రా ఎడ్యుకేషన్ ట్రస్ట్ 1996లో మొదలుపెట్టిన ‘నన్హీ కలీ’ అలాంటిది. తర్వాత హైదరాబాద్‌కు చెందిన నాంది ఫౌండేషన్ దాంతో కలిసింది, అరకు ప్రాంతంలోనూ ఇది నడిచింది. ప్రభుత్వ బడిలో చదివే ఆడపిల్లలకు బడి వేళల బయట అదనంగా పాఠాలు చెప్పడం దీని పని. చెప్పేది ఎక్కువగా స్థానిక మహిళలే. ఏజెన్సీలో ఇది చిన్న విషయం కాదు. ఇంట్లో కువి, ఆదివాసీ ఒరియా మాట్లాడే పిల్లకు ఒకటో తరగతి తెలుగు పుస్తకమే పరాయిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రెండు దశాబ్దాల కిందట 8 గిరిజన భాషల్లో వాచకాలు తెచ్చింది కూడా ఇందుకే. పిల్ల భాష తెలిసిన ఊరి అమ్మాయి అరగంటలో చెప్పింది, మైదానం నుంచి బదిలీ మీద వచ్చిన మాస్టారు వారంలో కూడా చెప్పలేకపోవచ్చు.

నాంది కథలో ఇంకో ముడి ఉంది. బడి పనులు చేసిన ఆ సంస్థే గిరిజన రైతులను సంఘంగా కూడగట్టి, వాళ్ల కాఫీని బ్రాండ్‌గా తీర్చిదిద్దింది. 2017లో పారిస్‌లో దుకాణం కూడా తెరిచారు. ధర, బడి రెండూ ఒకే చోట కలిస్తే రైతుకు మేలని సమర్థకులంటారు. సరుకు కొనేవాళ్లు, బడికి సాయం చేసేవాళ్లు ఒకరే అయితే రైతు ధర దగ్గర గట్టిగా మాట్లాడగలడా అని ఇలాంటి ఏర్పాట్లను శంకించేవాళ్లు అడుగుతారు. రెండోది ఏ ఒక్క సంస్థ మీదో వేసిన నింద కాదు. కొనేవాడే దాత అయిన ప్రతిచోటా పుట్టే ప్రశ్న.

కాల్డాస్ రైతులు వేరే దారి పట్టారు

కొలంబియా కాఫీ రైతుల సమాఖ్య 1927లో ఏర్పడింది. 1940 నుంచి అక్కడ జాతీయ కాఫీ నిధి ఉంది. ఎగుమతయ్యే ప్రతి పౌండు మీదా కొన్ని సెంట్లు కోసి అందులో వేస్తారు. ఇది ఎవరి దయా కాదు, రైతు కాఫీ మీద రైతు కట్టిన పైకం. కాల్డాస్ అనే కాఫీ ప్రాంతంలో రైతుల కమిటీ, స్థానిక ప్రభుత్వం కలిసి 1982 నుంచి ‘ఎస్కుయేలా నుయేవా’ అనే పద్ధతిలో పల్లె బళ్లు నడిపించాయి. స్పానిష్‌లో ఆ మాటకు కొత్త బడి అని అర్థం. ఒకే టీచరు, అన్ని తరగతులు, పిల్లలు తమంతట తాము సాగించే పాఠాల పుస్తకాలు. కోతలకు వెళ్లిన పిల్ల తిరిగొచ్చాక ఆపిన పేజీ నుంచే మొదలుపెట్టవచ్చు, తరగతి తప్పిపోదు. మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో ఏకోపాధ్యాయ బళ్ల కోసం తయారుచేసిన కార్డుల పద్ధతి చూసినవాళ్లకు దీని వాసన వెంటనే తెలుస్తుంది.

అక్కడా ధర దెబ్బ తప్పలేదు. 1989 జులైలో అంతర్జాతీయ కాఫీ ఒప్పందం కింద ఉన్న కోటాలు కూలిపోయాయి. ధర పడింది, కాఫీ నిధి చిక్కిపోయింది. బళ్లకు డబ్బు కోసం కాల్డాస్ కమిటీ కూడా కాలక్రమంలో కంపెనీలను కలుపుకుంది. అయితే వచ్చిన కంపెనీకి ఏ ఊళ్లో ఏ బడి, ఏ పుస్తకం, కోతల నెలలో ఏ వేళలు అన్నది చెప్పడానికి అక్కడ అప్పటికే రైతుల బల్ల ఒకటి వేసి ఉంది. కంపెనీ వచ్చి ఆ బల్ల దగ్గర ఒక కుర్చీలో కూర్చుంది.